‘ద జిప్సీ గాడెస్’: కీళ్వెణ్మణి కథలో కథకురాలి మాటలు అడ్డమా, ఆసరానా?

తెనాలి పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. మీనా కందసామి ఇంగ్లీషులో రాయగా 2014లో వెలువడిన ‘ద జిప్సీ గాడెస్’ నవలను ఇటీవల రెండుసార్లు చదివాను. మొదటిసారి సగం కూడా చేరకుండానే చిరాకుతో పక్కన పెట్టేశాను. రెండోసారి పట్టుబట్టి చివరిదాకా చదివాను. అయినా ఈ పుస్తకం నాకు నచ్చిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అందుకే మీ ముందు పెడుతున్నాను.

చదవనివారి కోసం విషయం క్లుప్తంగా చెబుతాను. 1968 డిసెంబరు 25 రాత్రి, ఆనాటి తూర్పు తంజావూరు ప్రాంతంలోని కీళ్వెణ్మణి అనే పల్లెలో 44 మంది దళితులను ఒకే గుడిసెలో తగలబెట్టి చంపారు. ఎర్రజెండా పట్టడం, కూలిగా కొలిచే వడ్లు మరికాస్త పెంచమని అడగడం, ఇవే వారు చేసిన తప్పులు. ఆ రాత్రి పరుగెత్తగలిగినవారు పొలాలకు అడ్డంపడి పారిపోగా, పరుగెత్తలేని ముసలివాళ్ళు, స్త్రీలు, పసిపిల్లలు రామయ్య అనే కూలీ గుడిసెలో చేరి తలుపు వేసుకున్నారు. పెద్దమనిషి నాలుగడుగులు వేస్తే ఎదురు గోడ తగిలేంత చిన్న గుడిసె అది. చనిపోయినవారిలో ఇరవైమందికి పైగా పిల్లలే.

ఇంత బరువైన విషయాన్ని ఎత్తుకున్న రచయిత్రి, అనగనగా ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ ఉండేదన్న ధోరణిలో కథ మొదలుపెట్టి, మరుక్షణమే దాన్ని వదిలేసి, అసలు కథ ఎలా మొదలవ్వాలనే దానిమీద పాఠకుడితో వాదనకు దిగుతుంది. పుస్తకానికి ఆ పేరు ఎందుకు పెట్టిందో, వేరే ఏ పేర్లు తలపెట్టిందో చెబుతుంది. పాఠకుణ్ణి దెప్పుతుంది, ఆటపట్టిస్తుంది. నేను ఆ గుడిసె దగ్గరికి వెళ్ళాలని పుస్తకం తెరిచాను. ఆవిడ నన్ను చాలాసేపు వాకిట్లోనే నిలబెట్టింది.

నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1991 ఆగస్టులో నేను తెనాలిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నాన్నగారిది గోనె సంచుల కొట్టు. పాత సంచులు కొని, చిరుగులు కుట్టించి, బియ్యం మిల్లులకు అమ్మేవారు. బడి నుంచి రాగానే ఆ సంచుల దొంతర మీద కూర్చుని లెక్కలు చేసుకోవడం నాకు అలవాటు. ఆ నెల 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి నరికి చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారన్న వార్త వచ్చిన మర్నాడు నాన్నగారు ఒక చెక్కపీట తెచ్చి, ఏమీ మాట్లాడకుండా, కొట్టులో నా కోసం వేశారు. ఎందుకు వేశారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ దొంతర మీద మళ్ళీ ఎన్నడూ కూర్చోలేదు. మా ఇల్లు ఆ ఘోరంలో ఎటువైపూ లేదనుకుంటూ పెరిగాను కానీ, వయసు వచ్చేకొద్దీ ఆ ‘ఎటువైపూ లేకపోవడం’ అన్నది నాకు సమాధానంగా అనిపించడం మానేసింది. ఇలాంటి పుస్తకాల దగ్గరికి తలవంచుకుని వెళతాను. కథకురాలు చెయ్యి పట్టి మాటల్లోకి లాగుతుంటే, ఆ మాటలు చనిపోయినవారికీ నాకూ మధ్య అడ్డం నిలిచినట్టు తోచింది. మీకు ఎలా అనిపించింది?

సౌదామిని

మీరు రాసిన చెక్కపీట సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నవల విషయంలో మీతో విభేదిస్తాను.

ఈ పుస్తకంలో మొట్టమొదట వినిపించేది కూలీల గొంతు కాదు, భూస్వామి గొంతు. వరి ఉత్పత్తిదారుల సంఘం అధ్యక్షుడు గోపాలకృష్ణ నాయుడు ముఖ్యమంత్రికి రాసిన విన్నపంతో నవల తెరుచుకుంటుంది. ఆ ఉత్తరంలో ఎంత వినయం, ఎంత దేశభక్తి, తిండిగింజల ఉత్పత్తి పట్ల ఎంత ఆందోళన! రచయిత్రి ఈ ఉత్తరాన్ని ముందు పెట్టడం వెనక ఆలోచన ఉందని నా నమ్మకం. కీళ్వెణ్మణి గురించి లోకానికి అందిన కాగితాలు ఎవరు రాసినవి? విన్నపాలు భూస్వాములవి, నివేదికలు పోలీసులవి, తీర్పులు న్యాయమూర్తులవి. చనిపోయినవారిలో కాగితం రాయగలిగినవారు ఎందరుంటారు? కాగితం మీద పడిన ప్రతి మాటా అటువైపుకే ఒరిగి ఉన్న చోట, నవలాకారిణి వచ్చి నున్నటి కథ ఒకటి కాగితం మీద పెడితే దాన్ని మాత్రం ఎందుకు నమ్మాలి? ఆవిడ తన కథనాన్ని తానే ప్రశ్నించుకోవడం నాకు నిజాయితీగానే కనిపించింది.

ఇంకొక మాట. ఆ రాత్రి జరిగిన దహనాన్ని వర్ణించే అధ్యాయం మొత్తం ఒకే వాక్యం. ఎక్కడా చుక్క పెట్టలేదు. ఒక సాయంత్రం మెట్రోలో నిలబడి చదవడం మొదలుపెట్టాను. దిగవలసిన స్టేషను దాటిపోయింది, ఎందుకంటే చూపు తిప్పుకోవడానికి ఆ వాక్యం నాకు చోటివ్వలేదు. అంతవరకూ అంతగా మాట్లాడిన కథకురాలు అక్కడ ఒక్క సొంత మాట మాట్లాడదు. మొదటి నుంచీ గంభీరంగా రాసి ఉంటే ఆ మౌనం నా చెవిన పడేదే కాదు. మీరు వాకిట్లో నిలబెట్టారన్నారు. తలుపు తెరిచినప్పుడు ఏం జరిగిందో కూడా లెక్కలోకి తీసుకోవాలని మనవి.

రామం, డల్లాస్

సౌదామిని గారి వాదనలో బలం ఉంది. అయినా నా అనుభవం వేరు. ఇక్కడ మేము ఎనిమిది మందిమి నెలకొకసారి కలిసి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాము. ఈ నవల చదివిన నెలలో రెండు గంటలు కూర్చున్నాము. ఒకే వాక్యంలో అధ్యాయం రాయడం గురించి, కథకురాలు పాఠకుణ్ణి సంబోధించే తీరు గురించి, ఏ పాశ్చాత్య రచయితల ప్రభావం ఉందనే దాని గురించి బ్రహ్మాండంగా మాట్లాడుకున్నాము. కారెక్కి ఇంటికి వస్తుంటే, కూలి ఎంత అడిగారన్న ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదని తట్టింది. నాకూ రాలేదు. తప్పు మాదే, కాదనను. కానీ మేము తప్పించుకోవడానికి ఒక దారి ఆ పుస్తకంలో ఉంది. శిల్పం గురించి మాట్లాడుకునేంత సరుకు చేతికిచ్చినప్పుడు, నాలాంటివాడు శవాల గురించి మాట్లాడడు.

కావేరి గట్టు

నేను చెన్నైలో ఉంటాను, స్వస్థలం నాగపట్నం జిల్లా. ఇంట్లో మాట్లాడేది తెలుగు. నాయక రాజుల కాలంలో తంజావూరు సీమకు వచ్చి స్థిరపడినవాళ్ళమని మా పెద్దలు చెప్పుకునేవారు. మా తెలుగు మీకు వింతగా ఉంటుంది, సగం తమిళం కలిసిపోయింది. ఈ చర్చలో నేను మాట్లాడాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

గోపాలకృష్ణ నాయుడిది కూడా మా కులమే. చుట్టరికం లేదు కానీ, మా తాతగారికి అయిదారు ఎకరాల మాగాణి ఉండేది, ఆయనా ఆ సంఘానికి చందా కట్టినవారే. మా ఇంట్లో కీళ్వెణ్మణి పేరు ఎత్తేవారు కాదు. ‘ఆ గొడవ’ అనేవారు. ‘ఆ గొడవ జరిగిన ఏడు పుట్టాడు’ అని మా చిన్నాన్న వయసు లెక్కగట్టేవారు. 44 మంది చావు మా ఇంట్లో ఒక పిల్లవాడి వయసు గుర్తుపెట్టుకునే కొండగుర్తుగా మాత్రమే మిగిలింది. ఈ నవలలో ఆ విన్నపాన్ని చదువుతుంటే ఇంగ్లీషు వాక్యాల అడుగున మా తాతగారి తెలుగు వినిపించి, పుస్తకం మూసి బయటికి వెళ్ళి కాసేపు నడిచి వచ్చాను. తెనాలి పాఠకుడు గారికి కథకురాలు అడ్డం నిలిచిందేమో, నాకు మాత్రం ఆవిడ మాటలు ఊపిరి తీసుకునే చోటుగా ఉపయోగపడ్డాయి. ఆ ఊపిరికి నేను అర్హుణ్ణేనా అన్నది వేరే ప్రశ్న.

ఇదే ఘటన మీద తమిళంలో వచ్చిన నవల ఒకటుంది. ఇందిరా పార్థసారథి 1975లో రాసిన ‘కురుదిప్పునల్’, అంటే నెత్తుటి ప్రవాహం. దానికి 1977లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. (కమలహాసన్ నటించిన అదే పేరుగల సినిమాకూ, తెలుగులో ‘ద్రోహి’గా వచ్చిన దానికీ, ఈ నవలతో సంబంధం లేదు. చాలామంది పొరబడతారు.) అది సాఫీగా సాగే కథ. ఢిల్లీ నుంచి వచ్చిన చదువుకున్న యువకుల కళ్ళతో ఊరిని చూపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, అందులో భూస్వామి క్రూరత్వానికి వేరు అతని పుంసత్వ లోపంలో ఉన్నట్టు చిత్రించారు. వామపక్ష విమర్శకులు దాన్ని గట్టిగా ఆక్షేపించారు. నేనూ వారి పక్షమే. కూలి గింజల కోసం జరిగిన పోరును ఒక మగవాడి పడకగది రోగంగా మార్చితే, మా తాతగారి చందా రసీదు ఆ కథలో ఎక్కడ ఇముడుతుంది? సాఫీగా చెప్పిన కథ ఎలా దారితప్పగలదో చూశాక, మీనా కందసామి దారితప్పుతానేమోనని అడుగడుక్కీ ఆగి చూసుకోవడం నాకు ఓదార్పుగా ఉంది.

గుంటూరు వకీలు

వృత్తిరీత్యా ముప్ఫై ఏళ్ళుగా విన్నపాలు రాస్తున్నవాణ్ణి. ఆ భూస్వామి ఉత్తరం గురించి సౌదామిని గారు చెప్పినది అక్షరాలా నిజం. అధికారులకు రాసే అర్జీకి ఒక మర్యాద భాష ఉంటుంది. ఎంతటి బెదిరింపునైనా ఆ భాషలో ‘శాంతిభద్రతల పట్ల ఆందోళన’గా మార్చి రాయవచ్చు. రచయిత్రి ఆ భాషను చెవితో పట్టుకుంది. కేసు కట్టలు తిరగేసినవాడికి అది వెంటనే తెలుస్తుంది.

తీర్పుల సంగతి కూడా తెలిసి ఉంటే ఈ నవల ఎందుకింత అపనమ్మకంతో మాట్లాడుతుందో అర్థమవుతుంది. 1970లో కింది కోర్టు గోపాలకృష్ణ నాయుడికీ మరికొందరికీ పదేళ్ళ శిక్ష వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు వారిని విడిచిపెట్టింది. ముద్దాయిలు ఇరవైముగ్గురూ మిరాసీదార్లే, అంటే భూస్వాములే కావడం ఆశ్చర్యంగా ఉందనీ, కారు ఉన్నంతటి ధనవంతులు పాలేర్ల సాయం కూడా లేకుండా తామే నడిచి వెళ్ళి ఇళ్ళకు నిప్పు పెట్టారంటే నమ్మడం కష్టమనీ ఆ తీర్పు సారాంశం. కారు ఉండటం నిర్దోషిత్వానికి సాక్ష్యమైంది. గోపాలకృష్ణ నాయుడు 1980లో హత్యకు గురయ్యాడు. చనిపోయినవారి లెక్క కూడా ఒక్కటి కాదు. మార్క్సిస్టు పార్టీ కట్టిన స్మారకం 44 అంటే, ఆనాటి అధికారిక లెక్కల్లో 42 అని ఉంటుంది. ఆ ఇద్దరు ఎవరు, ఎక్కడ తప్పిపోయారు? అంకె దగ్గరే నిలకడ లేని చోట కథకుడు సర్వజ్ఞుడిలా మాట్లాడితే అది నాకు కొరుకుడు పడదు.

మన దగ్గర చూడండి. చుండూరు కేసు విచారణకు ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. పదహారేళ్ళ తరువాత, 2007 జూలై 31న, 21 మందికి యావజ్జీవ శిక్ష, మరో 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. 1985లో కారంచేడులో దళితులను చంపిన కేసు కూడా హైకోర్టులో వీగిపోయి, 2008లో సుప్రీంకోర్టుకు వెళ్ళాకగానీ ప్రధాన ముద్దాయికి యావజ్జీవం పడలేదు. కీళ్వెణ్మణి నవలా, చుండూరు హైకోర్టు తీర్పూ ఒకే సంవత్సరంలో వచ్చాయి. నేను ఆ రెండింటినీ ఒకే నెలలో చదివాను, ఏది ఏ ఊరిదో కలగాపులగమైన రాత్రులు ఉన్నాయి.

ఇంత చెప్పినా నాకొక అసంతృప్తి ఉంది. నవల చదివాక నాకు కథకురాలు గుర్తుంది, నాయుడు గుర్తున్నాడు, ఆ ఊరి పెద్దదిక్కు లాంటి మాయి అనే వృద్ధురాలు కాస్త గుర్తుంది. కాలిపోయినవారిలో ఒక్కరి ముఖమూ గుర్తుకు రావడం లేదు. సాక్షి పెట్టెలో నిలబడవలసినవారు వీగిపోతే కేసే వీగిపోతుంది. నవలకూ ఆ నియమం వర్తిస్తుందేమోనని నా అనుమానం.

చీరాల అమ్మాయి

ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి. నేను నర్సుగా విదేశంలో పనిచేస్తున్నాను. మా అమ్మది కారంచేడు. 1985 జూలై 17న ఆవిడకు పందొమ్మిదేళ్ళు. మా మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయినప్పుడు పొలాలకు అడ్డంపడి చీరాల చేరి, చర్చి ఆవరణలోని శిబిరంలో నెలల తరబడి తలదాచుకున్నవారిలో ఆవిడ ఒకరు. నేను పుట్టింది ఆ తరువాత చీరాలలో కట్టిన కాలనీలోనే.

ఇక్కడ అందరూ కథ మధ్యలో కథకురాలు అడ్డురావడం గురించి మాట్లాడుతున్నారు. అమ్మ ఆ రోజు గురించి ఎన్నడూ వరుసగా చెప్పలేదు. మంచినీళ్ళ చెరువు దగ్గర, గేదెలకు కుడితి పెట్టిన బాల్చీ కడుగుతున్న కుర్రవాణ్ణి మావాళ్ళు వద్దన్నారని మొదలుపెడుతుంది. అంతలో ‘నువ్వు అన్నం తిన్నావా’ అంటుంది. తిన్నానంటే, ఏం కూర అని అడుగుతుంది. మళ్ళీ చెరువు దగ్గరికి వస్తుంది. ఆ ఉదయం పొయ్యి మీద పెట్టి వదిలేసిన గోంగూర సంగతి చెబుతుంది. ఎవరు దించి ఉంటారో, మాడిపోయి ఉంటుందని ఇప్పటికీ అంటుంది. పరుగెత్తేటప్పుడు ఒక చెప్పు జారిపోతే రెండోది కూడా వదిలేశానంటుంది. అక్కడ ఆగి, ‘ఒకటి పెట్టుకుని ఏం చేస్తాం’ అంటుంది. చనిపోయినవారి దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళి ఏదో ఒక గిన్నె కడుగుతుంది. ముప్ఫై ఏళ్ళుగా నేను విన్న కథ ఇదే. మొదలు నుంచి తుది దాకా ఒక్కసారి కూడా వినలేదు.

కాబట్టి కథకురాలు వరుస తప్పడం నాకు కొత్తగా అనిపించలేదు, మా ఇంట్లో కథ అలాగే నడుస్తుంది. ఆ ఒకే వాక్యపు అధ్యాయం చదవలేకపోయాను. మంటల్లోంచి బయటికి విసిరిన పసిబిడ్డను తిరిగి మంటల్లోకే విసిరేశారని, బతికి బయటపడ్డవారు చెప్పినది వేరేచోట చదివి ఉన్నాను. అది ఆ వాక్యంలో ఎక్కడ వస్తుందోనన్న భయంతో ఆగిపోయాను. ప్రసూతి వార్డులో పనిచేసే మనిషిని. ఆగిపోయినందుకు సిగ్గుపడటం లేదు.

నా అభ్యంతరం వేరే. అమ్మ కథ ఆపినప్పుడు నా ఆకలి గురించి అడుగుతుంది, గోంగూర గురించి, చెప్పుల గురించి మాట్లాడుతుంది. ఆ అడ్డుమాటలన్నీ ఆ ఊరివే, ఆ పూటవే. వాటిలోంచే నాకు ఆ పల్లె కనిపిస్తుంది. ఈ నవలలో కథ ఆగినప్పుడల్లా మాట నవల గురించి, పాఠకుల గురించి, రాయడం గురించి వెళుతుంది. పల్లె నుంచి దూరంగా నడిచి, మళ్ళీ వెనక్కి వస్తుంది. వకీలు గారికి ఒక్క ముఖమూ గుర్తులేకపోవడానికి కారణం ఇదేనని నేననుకుంటాను. ఆ రాత్రి ఆ ఇళ్ళలో ఏం వండుకున్నారు? ఎవరి పొయ్యి మీద ఏముంది? అది నాకు ఈ పుస్తకంలో దొరకలేదు.

అయినా ఈ పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వను. నా అల్మరాలోనే ఉంటుంది. కారంచేడు మీద గద్దర్ పాడిన పాట విన్నాను, పద్యాలు చదివాను, సభల్లో ఉపన్యాసాలు విన్నాను. మా ఊరి వంటి ఊరిని నవల నిండా పెట్టి, మా లాంటి వాళ్ళ తరఫున ఇంత కోపంగా, ఎవరికీ వినయం చూపకుండా రాసిన స్త్రీని మాత్రం మొదటిసారి చూశాను. ఆ కోపం నాకు కావాలి.

సౌదామిని

చీరాల అమ్మాయి గారూ, మీ మాటల తరువాత నా మొదటి వ్యాఖ్యను మళ్ళీ చదువుకున్నాను. కథనం ఆగడం అనేదాన్ని నేను ఒక సాహిత్య పద్ధతిగా మాత్రమే చూశాను. ఆగి ఎటు వెళుతుందన్నది నేను అడగలేదు. అది అడగవలసిన ప్రశ్న అని ఒప్పుకుంటున్నాను.

అయితే ఒక్క విషయంలో రచయిత్రి పక్షాన నిలబడతాను. మీ అమ్మగారికి ఆ గోంగూర సొంతం. కీళ్వెణ్మణి నాటికి ఇంకా పుట్టని మీనా కందసామి ఆ పొయ్యి మీద ఏముందో ఊహించి రాస్తే, ఆ ఊహ చనిపోయిన మనిషి మీద మోపిన అబద్ధమవుతుందన్న జంకు ఉండి ఉంటుందని నేను ఊహిస్తున్నాను. కొందరు రచయితలు ధైర్యంగా ఊహిస్తారు. ఈవిడ ఆ స్థానంలో తన సంకోచాన్ని పెట్టింది. ఇది లోపం కాదని చెప్పడం లేదు. లోపమే అయినా ఎక్కడి నుంచి పుట్టిందో చెబుతున్నాను.

గుంటూరు వకీలు

సౌదామిని గారి వాదనను పూర్తిగా అంగీకరించలేను. నవలాకారుడు ఊహించడానికి జంకితే నవల ఎందుకు రాయాలి, నివేదిక రాయవచ్చును కదా. ఆవిడ భూస్వామి ఉత్తరాన్ని జంకులేకుండా ఊహించింది, అదీ అద్భుతంగా. అదే ఊహ గుడిసెలోపలికి ఎందుకు వెళ్ళలేదన్నదే నా ప్రశ్న. చంపినవాడి మనసు ఊహించడం తేలిక, చనిపోయినవాడి మనసు ఊహించడం కష్టం, అది ఒప్పుకుంటాను. కానీ కష్టమైనదాని కోసమే మనం నవల దగ్గరికి వెళతాము.

తెనాలి పాఠకుడు

నా ప్రశ్నకు ఇంతమంది ఇంత శ్రద్ధగా జవాబివ్వడం చూసి మనసు నిండింది. చీరాల అమ్మాయి గారి వ్యాఖ్య చదివాక మూడోసారి పుస్తకం తెరిచాను. ఈసారి కథకురాలు ఆగిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టి, ఆ ఆగడం ఎటు పోతోందో అంచున రాసుకుంటూ వచ్చాను. ఎక్కువ గీతల పక్కన ‘పాఠకుడు’ అనీ, ‘నవల’ అనీ రాసి ఉంది. కొన్నిటి పక్కన మాత్రం ‘ఊరు’ అని రాశాను, మాయి దగ్గర మరీ ముఖ్యంగా. ఆ కొద్ది చోట్లా పుస్తకం నాకు చాలా దగ్గరగా వచ్చింది. కనుక నా చిరాకు కథ ఆగినందుకు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక సంగతి మీరెవరూ అడగలేదు కానీ నేనే చెబుతాను. నాకు కావలసింది ఏడుపు. ఏడ్చి, పుస్తకం మూసి, బాధపడ్డానన్న తృప్తితో నిద్రపోవాలని వెళ్ళాను. ఆ తృప్తి ఆవిడ నాకు దక్కనివ్వలేదు. నా కోపంలో కొంత భాగం దానివల్ల వచ్చిందే. చుండూరులో చనిపోయినవారిని ఊరి నడుమ పాతిపెట్టిన రక్తక్షేత్రం మా ఇంటికి పట్టుమని గంట దూరం కూడా లేదు. ఇన్నేళ్ళలో నేను అక్కడికి వెళ్ళింది ఒక్కసారి, అదీ వేరే పని మీద ఆ దారిన పోతూ. తమిళదేశపు మంటల కోసం ఇంగ్లీషు నవల కొని చదివాను.

రామం, డల్లాస్

దీన్ని తెలుగులోకి తెస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఈ చర్చ చదువుతుండగా వచ్చింది. ఒక చిక్కు వెంటనే కనిపించింది. ఇంగ్లీషులో భూస్వామీ, కూలీలూ, కథకురాలూ అందరూ ఒకే పరాయి భాషలో మాట్లాడతారు కనుక ఎవరికీ అది సొంతం కాదు. తెలుగులోకి తెచ్చిన మరుక్షణం గోపాలకృష్ణ నాయుడి ఉత్తరం అతని ఇంటి భాషలోకి వచ్చేస్తుంది, కూలీల మాట మాత్రం ఇంకా అనువాదంగానే మిగులుతుంది. అనువాదకులు దీన్ని ఎలా ఎదుర్కోవాలి? కావేరి గట్టు గారు ఏమంటారు?

కావేరి గట్టు

రామం గారూ, నేను దాన్ని చిక్కు అనను. అది తెలుగులో చదవడమే న్యాయమని నాకు అనిపిస్తోంది. ఆ ఉత్తరం మన భాషలో మనకు వినిపించాలి. మా తాతగారి తరం తెలుగులో మాట్లాడుకున్న మాటలు ఇంగ్లీషులో చదివి బయటపడటం నాకు కొంత తేలికైంది, దాన్ని ఇప్పుడు గుర్తిస్తున్నాను.

ఏటా డిసెంబరు 25న కీళ్వెణ్మణిలో స్మారకం దగ్గర పార్టీవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ జనం వేలల్లో కలుస్తారు. నేను ఒక్కసారి వెళ్ళాను. ఎండిన కాలువ గట్టు మీద బండి ఆపి, వరి కోత దగ్గరపడిన పొలాల మధ్య నడిచి వెళ్ళాను. పేరు, ఊరు ఎవరైనా అడుగుతారేమోనని నోరు విప్పకుండా తిరిగి వచ్చాను. ఎవరూ అడగలేదు. ఒక పెద్దావిడ మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది, తాగి, చేతులు జోడించి వచ్చేశాను.

చీరాల అమ్మాయి

నిన్న రాత్రి అమ్మకు ఫోను చేసి ఈ నవల సంగతీ, మీ అందరి మాటలూ చెప్పాను. కథకురాలు, శిల్పం, అనువాదం అంటే ఆవిడకు పట్టలేదు. గుడిసె సంగతి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత రెండే ప్రశ్నలు అడిగింది. ‘ఆ అడిగిన వడ్లు ఆ తరువాతైనా కొలిచారా? వాళ్ళకు భూమి ఏమైనా వచ్చిందా?’ నాకు తెలియదన్నాను. ‘అంత పుస్తకం చదివావు, అది తెలుసుకోలేదా’ అంది. కావేరి గట్టు గారూ, మీకు తెలిస్తే చెప్పండి.

కావేరి గట్టు

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. తెలిసినంత రాస్తాను. ఘటన తరువాత ప్రభుత్వం తూర్పు తంజావూరు కూలి రేట్ల మీద గణపతియా పిళ్ళై కమిషన్ వేసింది, 1969లో న్యాయమైన కూలి కోసం చట్టం చేసింది. కూలి పెరిగింది. పొలం దగ్గర కొలత ఎంత నికరంగా జరిగిందన్నది ఊరినిబట్టి, మిరాసీదారునిబట్టి ఉండేదని మా వైపు వినికిడి.

భూమి విషయానికి వస్తే, సర్వోదయ ఉద్యమానికి చెందిన జగన్నాథన్, కృష్ణమ్మాళ్ దంపతులు మంటల తరువాత ఆ ప్రాంతానికి వచ్చి అక్కడే ఉండిపోయారు. సత్యాగ్రహాలు చేసి, భూస్వాములతో బేరాలు కుదిర్చి, బ్యాంకు అప్పులు ఇప్పించి, భూమి లేని దళిత స్త్రీల పేర ఎకరా చొప్పున పొలాలు రాయించారు. ఆ పని కోసమే 1981లో లాఫ్టీ అనే సంస్థను పెట్టారు. 2008లో ఆ దంపతులకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. మా తాతగారి పొలం మా నాన్న తరంలోనే అమ్ముడైపోయింది. ఎవరు కొన్నారో నేను ఎప్పుడూ అడగలేదు. ఈ ఆదివారం చిన్నాన్నకు ఫోను చేసి అడుగుతాను.

వచ్చే డిసెంబరులో మళ్ళీ వెళతాను. అమ్మగారి రెండు ప్రశ్నలూ అక్కడ తమిళంలో అడిగి, ఎవరు ఏమన్నారో వచ్చి ఇక్కడే రాస్తాను. ఆరోజు వాళ్ళ ఇళ్ళలో ఏం వండుకున్నారో కూడా, ఎవరైనా చెప్పగలిగితే, అడిగి వస్తాను.